తోలు సీటు కిర్రుమంటోందా? నూనె డబ్బా ముట్టుకోకముందు ఇది చదవండి

సైకిల్ తోలు సీటు కిర్రుమనగానే చాలామంది చేసే మొదటి పని, ఇంట్లో చేతికందిన నూనె తెచ్చి దాని మీద రాయడం. నేనూ అదే చేశాను. రెండు వారాలు వరసగా రాత్రి నూనె పట్టించడం, పొద్దున తొక్కి చూడడం, మళ్లీ అదే కిర్రు, మళ్లీ రాత్రికి ఇంకాస్త నూనె. చివరికి తేలిందేమిటంటే ఆ చప్పుడు తోలుది కానే కాదు, సీటును కింద పట్టుకుని ఉండే క్లాంపు బోల్టు పావు చుట్టు వదులై ఉంది, అంతే. బిగించిన మరుక్షణం చప్పుడు పోయింది. పోనిది ఏమిటంటే ఈలోపు తోలు తాగిన నూనె. ఆ సీటు మధ్యలో ఉయ్యాలలా జారిపోయింది, మళ్లీ దాని ఆకారానికి రానే లేదు.

అందుకే ఈ పద్ధతి తిరగేసి రాస్తున్నాను. తోలు జోలికి అన్నిటికంటే చివర్లో వెళ్దాం. ముందు చప్పుడు ఎక్కడిదో పట్టుకోవాలి, తర్వాత ఒక్కో చోటే సరిచేసి, ఒక్కోసారీ తొక్కి చూడాలి. నాలుగు చోట్లా ఒకేసారి గ్రీసు పూసేస్తే చప్పుడు పోవచ్చు గానీ ఎందుకు పోయిందో మీకు తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు కథ మొదటికొస్తుంది.

ఇక్కడ తోలు సీటు అంటే స్పాంజి మీద పల్చటి తోలు అంటించిన రకం కాదు. ఒక మందపాటి తోలు ముక్కను వెనక ఒక ఇనుప చట్రానికీ, ముందు ముక్కు దగ్గర ఒక చిన్న ఇనుప ముక్కకీ రివెట్లతో కొట్టి, మధ్యలో డోలు చర్మంలా లాగి పెట్టిన రకం. ఇంగ్లండులో 1866 నుంచి ఉన్న బ్రూక్స్ కంపెనీ బీ17 లాంటివన్నమాట. దీని కింద స్పాంజీ ఉండదు, ప్లాస్టిక్ చిప్పా ఉండదు. మీ బరువంతా ఆ లాగి పెట్టిన తోలు మీదా, తోలు ద్వారా రివెట్ల మీదా, రివెట్ల నుంచి ఇనుప కమ్మీల మీదా పడుతుంది. కమ్మీలంటే సీటు కింద పొడుగ్గా వెళ్లే రెండు కడ్డీలు. ఇంగ్లీషులో రెయిల్స్ అంటారు గానీ రైళ్లు అని రాస్తే ఏదో స్టేషన్‌లో ఉన్నట్టుంటుంది, కమ్మీలనే అందాం.

చప్పుడు ఎందుకొస్తుందో ఒక్క ముక్కలో చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. రెండు వస్తువులు గట్టిగా ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నాయి, మీరు కదిలినప్పుడల్లా అవి కాస్త అంటుకుంటాయి, పట్టు తప్పి జర్రున జారతాయి, మళ్లీ అంటుకుంటాయి. ఈ అంటుకోవడం, జారడం క్షణానికి ఎన్నోసార్లు జరిగితే అది మన చెవికి కిర్రు. తలుపు బందు కిర్రుమనేది ఇందుకే. కిర్రు చెప్పులు కిర్రుమనేదీ ఇందుకే. అంటే మందు రెండు రకాలు. ఒకటి అసలు కదలకుండా బిగించేయడం. రెండోది కదలక తప్పని చోట, నున్నగా జారేలా చేయడం. ఏ చోట ఏది చేయాలన్నదే తెలివి. బిగించాల్సిన చోట నూనె పోసినా, జారాల్సిన చోట ఇంకా బిగించినా చప్పుడు పోదు, పెరిగినా పెరగొచ్చు.

ముందు దొంగను పట్టుకోండి

సైకిల్ గొట్టాలు బోలుగా ఉంటాయి కాబట్టి చప్పుడు ఒక చోట పుట్టి ఇంకో చోట వినిపిస్తుంది. పెడల్ దగ్గర పుట్టిన టక్కు సీటు కింద నుంచి వచ్చినట్టే ఉంటుంది, నమ్మకండి.

చదునైన ఖాళీ రోడ్డు మీద మామూలుగా తొక్కండి, చప్పుడు రానివ్వండి. ఇప్పుడు సీటు మీద నుంచి లేచి, నిలబడి అదే జోరుతో తొక్కండి. చప్పుడు అలాగే ఉంటే అది సీటుది కాదు, పెడల్దో, పెడల్‌ను పట్టుకుని తిరిగే క్రాంకుదో, దాని ఇరుసుదో, ఇక్కడితో ఆగి అటు వెళ్లండి. ఆగిపోతే మళ్లీ కూర్చుని, తొక్కడం ఆపేసి సైకిల్ దానంతట అదే వెళ్తుండగా నడుము అటూ ఇటూ ఊపండి. ఇప్పుడూ కిర్రుమంటోందంటే సీటు గానీ, సీటు పోస్టు గానీ, అంటే సీటును మోస్తూ ఫ్రేము గొట్టంలోకి దిగే కడ్డీ గానీ ఖాయం. కూర్చుని తొక్కితేనే వచ్చి, ఊపితే రాకపోతే తొందరపడకండి, అప్పుడు రెండువైపులా అనుమానం ఉంది.

చప్పుడు స్వభావం కూడా కొంత చెప్తుంది. సాగదీసినట్టు కిర్ర్ర్ అంటే ఎక్కువసార్లు తోలు ఇనుము మీద రాసుకోవడమే. సన్నగా కీచుమంటే ఇనుము మీద ఇనుము, స్ప్రింగులున్న సీటైతే ముందు అక్కడే చూడండి. ఒక్కో తొక్కుకి ఒక్కో టక్కు అంటే ఏదో వదులుగా ఉంది, ఎక్కువగా క్లాంపు. ఇవి నూటికి నూరు పాళ్లు నిజం కావు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి పనికొస్తాయి. ఇంకో గుర్తు నా అనుభవంలో బాగా పనిచేసింది: చెమ్మగా ఉన్న రోజున తగ్గి, ఎండ పొడిగా ఉన్న రోజున పెరిగే చప్పుడైతే తోలు మీద అనుమానం పెట్టుకోవచ్చు. వాతావరణంతో సంబంధం లేకుండా రోజూ ఒకేలా ఉంటే ఇనుము.

ఇంట్లో పరీక్ష కూడా ఒకటుంది, దీనికి ఇంకో మనిషి కావాలి. సైకిల్‌ను గోడకి ఆనించి, ఆ మనిషిని కూర్చుని మెల్లగా ఊగమనండి. మీరు కిందకి వంగి వేలి కొసలతో ఒక్కో అతుకునూ తాకండి: పోస్టు గొట్టంలో దిగే చోటు, క్లాంపు, కమ్మీలు వెనక చట్రంలో దూరే చోటు, ముక్కు దగ్గర బోల్టు. చప్పుడు పుట్టే చోట వేలికి సన్నటి జివ్వుమనే కదలిక తెలుస్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉంటే కొసను ఇనుముకి ఆనించి, పిడిని చెవికి ఆనించి వినండి, డాక్టరు గొట్టంలా పనిచేస్తుంది. చప్పుడు పుట్టిన చోట చెవిలో కొట్టినట్టు వినిపిస్తుంది, పక్కకి జరపగానే తగ్గుతుంది.

ఇంకా తేలిక దారి ఉంది, వేరే సీటేదైనా ఇంట్లో ఉంటే దాన్ని అదే పోస్టు మీద బిగించి ఒకసారి తొక్కండి. చప్పుడు ఉండిపోతే మీ తోలు సీటు నిర్దోషి. చప్పుడు పోయినా వెంటనే శిక్ష వేయకండి, సీటు మార్చేటప్పుడు క్లాంపును కూడా విప్పి బిగించారు కదా, దానివల్లే పోయి ఉండొచ్చు. పాత సీటు మళ్లీ పెట్టి చూస్తే గానీ తేలదు.

అన్నట్టు సీటుకి వేలాడే సామానంతా ముందే విప్పేయండి. సీటు కింద కట్టిన సంచి పట్టీ, వెనక లైటు, తాళం గొలుసు. సంచి తోలు పట్టీ సీటు వెనక ఉండే ఇనుప కడియంలో రాసుకుని చేసే చప్పుడు, సీటు చప్పుడూ అచ్చం ఒకేలా ఉంటాయి.

సీటు పోస్టు

పోస్టు ఎంత ఎత్తులో ఉందో గొట్టం అంచు దగ్గర ఒక టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకోండి, తర్వాత మోకాళ్లు నొప్పెట్టాక ఎంత ఉండేదో అని వెతుక్కోకుండా. గొట్టం పై అంచును చుట్టి పోస్టును పట్టుకుని ఉండే పట్టీ బోల్టు వదులు చేసి పోస్టును బయటకి లాగండి. దాని మీద నల్లటి జిగురు, ఇసుక, తుప్పు పొడి కనిపిస్తాయి, అదే చప్పుడుకి మేత. గుడ్డతో పూర్తిగా తుడవండి. గొట్టం లోపల కూడా కర్రకి గుడ్డ చుట్టి దింపి తుడవండి, చేతికొచ్చినంత వరకు చాలు. పట్టీని కూడా తీసి, అది కూర్చునే చోటూ, బోల్టు మరలూ శుభ్రం చేయండి.

పోస్టు, ఫ్రేము రెండూ లోహమైతే పోస్టుకి పల్చగా గ్రీసు రాసి దింపండి. అల్యూమినియం పోస్టు స్టీలు ఫ్రేములో ఏళ్ల తరబడి గ్రీసు లేకుండా ఉంటే రెండూ అతుక్కుపోతాయి, తర్వాత ఊడదీయడం నరకం, అందుకోసమైనా రాయాలి. పోస్టు గానీ ఫ్రేము గానీ కార్బన్ ఫైబర్‌ది (లోహం కాని తేలిక రకం) అయితే మాత్రం గ్రీసు వద్దు, కార్బన్ కోసమే దొరికే గరుకు పేస్టు వాడాలి. గ్రీసు రాస్తే పోస్టు జారుతుంది, జారుతోందని ఇంకా బిగిస్తారు, కార్బన్ పగులుతుంది. పోస్టు మీద కనీసం ఇంతవరకు దించాలని చూపే గీత ఉంటుంది, అది గొట్టం లోపలే ఉండాలి. ఇక్కడికి ఒకసారి తొక్కి చూడండి.

క్లాంపు: నూటికి సగం చప్పుళ్ల పుట్టిల్లు

నూటికి సగం అని లెక్కపెట్టి చెప్పడం లేదు, నా చేతి మీదుగా వెళ్లిన సీట్ల లెక్క అది. తోలు సీటుకి క్లాంపు బాధ ఎక్కువ, ఎందుకంటే సీటే బరువు, పైగా తోలు ప్రతి తొక్కుకీ కాస్త వంగుతుంది, ఆ కదలికంతా కమ్మీల మీదుగా క్లాంపుకి చేరుతుంది.

సీటు ఎంత ముందుకు ఉందో, ముక్కు ఎంత పైకి ఉందో ఫోన్‌లో పక్క నుంచి ఒక ఫోటో తీసుకోండి. ఇంకా మంచిది, కమ్మీల మీద క్లాంపు అంచు దగ్గర పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. ఇప్పుడు బోల్టు విప్పండి. కొత్త పోస్టులకి ఎలెన్ కీ (ఆరు పలకల వంకర కీ), పాత రకం ఇనుప క్లాంపులకి రెండువైపులా నట్లు, వాటికి స్పానర్ కావాలి. అన్ని ముక్కల్నీ విప్పి వరసలో ఒక కాగితం మీద పెట్టండి, ఏది ఏవైపు ఉందో అదే వరసలో. పాత రకం క్లాంపులో పళ్లున్న బిళ్లలు ఉంటాయి, తిరగేసి పెట్టారంటే పళ్లు సరిగ్గా కరవవు, అదో కొత్త చప్పుడు.

పాత టూత్ బ్రష్‌తో ఆ పళ్ల మధ్య ఇరుక్కున్న మట్టిని గీకండి. పళ్లు అరిగి నున్నగా అయిపోయి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు, క్లాంపు మార్చాల్సిందే. కమ్మీల మీద క్లాంపు పట్టుకున్న చోట మెరుపు గీతలు కనిపిస్తాయి, అవి లోతుగా గాడి పడ్డాయేమో గోరుతో గీరి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గాడి దగ్గర పగులు లేదని పక్కా చేసుకున్నాకే ముందుకెళ్లండి, పగులు సంగతి కింద చెప్తాను.

తిరిగి బిగించేటప్పుడు బోల్టు మరలకి, బోల్టు తల కింద, స్టీలు కమ్మీ కూర్చునే గాడిలో గ్రీసు పల్చగా రాయండి. వేలితో రాసి, మళ్లీ గుడ్డతో తుడిచేస్తే మిగిలేంత చాలు. కమ్మీల మీద గ్రీసు రాస్తే సీటు జారదా అని అడుగుతారు. సరిగ్గా బిగించిన బోల్టు పట్టు ముందు ఆ పొర లెక్కలోకి రాదు, చప్పుడు మాత్రం ఆగుతుంది. పళ్ల మీద మాత్రం రాయకండి. కమ్మీలు తిన్నగా ఉన్న భాగంలోనే క్లాంపు కూర్చోవాలి. వంపు మొదలయ్యే చోట పెడితే పట్టు సగమే దొరుకుతుంది, చప్పుడొస్తుంది, చివరికి కమ్మీ అక్కడే విరుగుతుంది. రెండు బోల్టుల క్లాంపైతే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకుండా, కాస్త ఇది కాస్త అది అంటూ సమంగా తీసుకురండి. పోస్టు మీద ఎన్ని న్యూటన్ మీటర్లు బిగించాలో రాసి ఉంటే, ఎంత బలంతో బిగిస్తున్నారో చూపే టార్క్ రెంచి ఉంటే, ఆ అంకెనే పాటించండి.

సీటు ముక్కును పట్టుకుని కాస్త గట్టిగా పైకీ కిందకీ అనండి, చలనం ఉండకూడదు. తొక్కి చూడండి. నా అంచనా, మీలో చాలామందికి కథ ఇక్కడితో అయిపోతుంది.

ఇప్పుడు సీటు, కింద వైపు నుంచి

ఇంకా కిర్రుమంటోందా? అయితే సీటును విప్పి తలకిందులుగా ఒడిలో పెట్టుకోండి. రెండు చేతులతో ముక్కునీ వెనక అంచునీ పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు మెల్లగా మెలిపెట్టండి. చప్పుడు చేతుల్లోనే వినిపిస్తే సంతోషించండి, రోడ్డెక్కకుండానే వెతకొచ్చు.

చూడాల్సిన ఇనుప అతుకులు మూడు. వెనక, కమ్మీల కొసలు అడ్డంగా ఉన్న చట్రంలో దూరే రెండు చోట్లు. ముందు, కమ్మీలు రెండూ కలిసి ముక్కు దగ్గరి చిన్న బిళ్లలో ఆనే చోటు. అదే ముక్కు దగ్గర, తోలును లాగి పట్టే పొడుగు బోల్టూ దాని నట్టూ. ఇవి కదలకుండా బిగించగలిగే చోట్లు కావు, తోలు బిగువు వల్లే అవి వాటి స్థానంలో నిలబడతాయి. కాబట్టి ఇక్కడ మందు, జారేలా చేయడం.

చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. సీటును తలకిందులుగా పెట్టి వెనక అతుకులో నూనె చుక్క వేస్తే అది ఎక్కడికి పోతుంది? కిందకి, అంటే తిన్నగా తోలులోకి. తోలు బ్లాటింగ్ పేపర్‌లా పీల్చుకుంటుంది, పై వైపు రూపాయంత నల్ల మచ్చ తేలుతుంది. మచ్చ పోతే పోనీ, అక్కడ తోలు మెత్తబడుతుంది, అదీ సరిగ్గా రివెట్ల వరస పక్కన. అందుకని నూనె బదులు మైనం వాడమంటాను. ఒక చిన్న తేనెమైనం ముక్కను వేళ్ల మధ్య నలిపి, మెత్తబడ్డాక దారంలా సాగదీసి, కమ్మీ కొసకీ చట్రానికీ మధ్య ఉన్న సందులో అగ్గిపుల్లతో కూరండి. సీటును పదిసార్లు మెలిపెట్టండి, మైనం లోపలికి పాకుతుంది. ఇంకాస్త కూరండి. బయట మిగిలింది గోరుతో గీకేయండి. మైనం కారదు, వాన నీటికి కరగదు, దుమ్మును కూడా నూనె పట్టుకున్నంతగా పట్టుకోదు.

సందు మరీ సన్నగా ఉండి మైనం పోకపోతే అప్పుడు నూనె, అదీ చైనుకి వేసే చిక్కటి రకం, అగ్గిపుల్ల కొసతో ఒక్క చుక్క. వేసే ముందు తోలుకీ ఇనుముకీ మధ్య మడిచిన కాగితం దూర్చండి. పది నిమిషాలు ఆగి, మెలిపెట్టి, పైకి వచ్చినదంతా తుడిచాకే కాగితం తీయండి. తుప్పు వదలగొట్టే స్ప్రేలు మాత్రం సీటు దగ్గరికి రానివ్వకండి. అవి నీళ్లలా పల్చగా పాకి తోలులోకి దూరతాయి, ఇనుము మీద నిలవవు, నాలుగు రోజుల్లో చప్పుడు మళ్లీ హాజరు.

ముక్కు బోల్టు మరలకి గ్రీసు రాయాలంటే నట్టును తిప్పనక్కర్లేదు. కనిపిస్తున్న మరల మీద బ్రష్‌తో రాసి, బోల్టు తల ఆనే చోట కాస్త పెట్టండి చాలు.

స్ప్రింగులున్న సీటైతే ఇంకో రెండు నిమిషాల పని. స్ప్రింగు చుట్ల మధ్య ఇరుక్కున్న రాళ్లూ మట్టీ బ్రష్‌తో తీసేయండి, స్ప్రింగు పైనా కిందా కూర్చునే చోట్ల మైనమో గ్రీసో పెట్టండి, వాటిని పట్టుకునే నట్లు బిగించండి. మీరు కూర్చున్నప్పుడు చుట్లు ఒకదాన్నొకటి తాకుతుంటే అక్కడ కూడా పల్చగా గ్రీసు.

తోలు ఇనుము మీద రాసుకుంటుంటే

ఇప్పటికి తోలు వంతు వచ్చింది. వెనక చట్రం అంచు మీద తోలు వంగి కూర్చునే చోట, రివెట్ల చుట్టూ, ముక్కు కొసన, తోలు ఇనుముతో రాసుకుంటుంది. దీన్ని తేల్చుకోవడానికి చిన్న కిటుకు. ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్కను, వేలెడంత వెడల్పు చాలు, కింద నుంచి తోలుకీ వెనక చట్రానికీ మధ్య రివెట్ల సందులోకి దూర్చండి. సీటు మెలిపెట్టండి. చప్పుడు మారిందా, తగ్గిందా? చోటు దొరికినట్టే. ముక్కు దగ్గర కూడా అలాగే.

మొదటి మందు టాల్కం పౌడర్. ఒక కాగితాన్ని పొడుగ్గా మడిచి, ఆ మడతలో పౌడర్ పోసి, సందులోకి దూర్చి ఊదండి, లేదా పాత టూత్ బ్రష్‌తో నెట్టండి. మెలిపెట్టి మళ్లీ ఊదండి. మంచి విషయమేమిటంటే పౌడర్ తోలుకి ఏ హానీ చేయదు. చెడ్డ విషయం, గట్టి వాన పడితే పోతుంది, మళ్లీ వేయాలి. నాకైతే పొడి కాలమంతా ఒక్కసారి వేసింది సరిపోయింది.

పౌడర్‌తో ఆగలేదంటే, లేదా తోలు ఎండిపోయి తెల్లటి సన్నగీతలు కనిపిస్తుంటే, అప్పుడు తోలుకి పట్టించే మైనపు లేపనం. సీటు తయారుచేసినవాళ్లే అమ్మేది ఉంటే అదే తెచ్చుకోండి, బ్రూక్స్ వాళ్ల ప్రూఫైడ్ అలాంటిదే, లోపల ముఖ్యంగా కొవ్వూ మైనమూ ఉంటాయి. వేలికి బఠాణీ గింజంత తీసుకుని, కింద వైపు, చట్రం అంచును ఆనుకున్న తోలు మీద వేలి వేడికి కరిగేలా రుద్దండి. పై వైపు మరీ పల్చగా. ఒక రాత్రి వదిలేసి పొద్దున పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవండి, లేకపోతే మీ ప్యాంటు తుడుస్తుంది. ఇది వారం వారం చేసే పని కాదు. కొత్త సీటుకి మొదట్లో ఒకటి రెండుసార్లు, ఆ తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు, తోలు పొడిబారినట్టు కనిపించినప్పుడు.

వంటనూనెలూ, బూట్లు మెత్తబరిచే నూనెలూ ఎందుకు వద్దంటున్నానంటే, ఈ సీటు తోలు చెట్ల బెరడు లాంటి వాటి రసంతో పదును చేసిన మందపాటి, బిరుసైన తోలు, ఆ బిరుసుతనమే దాని బలం. నూనె లోపలి పోగుల మధ్యకి దూరి వాటిని ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది. బూటుకి అది హాయి. మీ బరువు మోస్తూ లాగి పెట్టి ఉన్న తోలుకి మాత్రం అది సాగిపోవడం. మొదట్లో చెప్పిన నా ఉయ్యాల సీటు సంగతి గుర్తుందిగా.

కొత్త సీటు గురించి ఒక మాట. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో తోలు ఇంకా మీ ఆకారానికి సర్దుకుంటూ ఉంటుంది, ఆ సమయంలో కాస్త కిర్రుమంటే కంగారు పడకండి. క్లాంపు ఒక్కటి చూసుకుని, పౌడర్ ఊది వదిలేయండి.

ముక్కు బోల్టు, అంటే తోలు టెన్షన్ (బిగువు)

దీన్ని ఇంత వెనక్కి నెట్టింది కావాలనే. చప్పుడు రాగానే అందరి చేయీ ఈ బోల్టు మీదికే పోతుంది. ఒకసారి ఒక రిపేరు షాపులో నా సీటు ఇచ్చి టీ తాగి వచ్చేలోపు దాన్ని నాలుగు చుట్లు బిగించేశారు, చప్పుడు తగ్గలేదు సరికదా పెరిగింది. పెరగదా మరి? తోలును ఎంత గట్టిగా లాగితే అది చట్రం అంచును అంత గట్టిగా ఒత్తుకుంటుంది, అంటే రాసుకోవడం ఇంకా ఎక్కువ. పైగా ఎక్కువ లాగితే రివెట్ల కన్నాల దగ్గర తోలు చిరుగుతుంది.

బిగించడం అవసరమయ్యేది ఎప్పుడంటే, తోలు సాగి, మీరు కూర్చున్నప్పుడు మధ్యలో బాగా దిగిపోయి, పక్క అంచులు బయటకి విచ్చుకుని కమ్మీలకో క్లాంపుకో తగులుతున్నప్పుడు. క్లాంపు పై భాగానికి సుద్ద రాసి కాస్త దూరం తొక్కండి. తోలు లోపలి వైపు సుద్ద అంటుకుంటే తగులుతున్నట్టే.

తోలు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే చేయాలి. సన్నటి స్పానర్ కావాలి, మామూలుది ఆ ఇరుకులో తిరగదు, చాలా సీట్లతోపాటే ఒకటి ఇస్తారు. నట్టు మీదా బోల్టు మీదా కలిసేలా పెన్సిల్ గీత పెట్టుకోండి, ఎంత తిప్పారో తెలియడానికి. ముక్కు ముందుకు జరిగే వైపు పావు చుట్టు తిప్పండి. ఆపండి. రెండు మూడు రోజులు తొక్కండి. చాలకపోతే ఇంకో పావు.  నట్టు తిప్పుతుంటే బోల్టు కూడా దాంతోపాటే తిరిగితే బోల్టును ఇంకో చేత్తో పట్టుకుని తిప్పాలి. మరలన్నీ అయిపోయి ఇంక తిప్పడానికి లేకపోతే ఆ తోలు పని అయిపోయింది, ఇక లాగకండి.

బాగుచేయకుండా ఆపేయాల్సినవి

రివెట్టు తల వేలితో తిప్పితే తిరుగుతోందంటే అది వదులైంది. జిగురు పోసి లాభం లేదు. కింద దిమ్మె పెట్టి సుత్తితో కొట్టి బిగించాలి, లేదా కొత్త రివెట్టు వేయాలి, తోలు పని తెలిసినవాళ్ల చేత చేయించండి. జీల్ బెర్తూ లాంటి కొన్ని సీట్లకి రివెట్ల బదులు స్క్రూలుంటాయి, అవైతే మీరే మెల్లగా బిగించుకోవచ్చు, తోలు పోతే తోలొక్కటే మార్చుకోవచ్చు కూడా.

ఇక కమ్మీ పగులు. క్లాంపు అంచు దగ్గరా, కమ్మీ వంగే చోటా తెల్లగుడ్డతో తుడిచి, పక్క నుంచి లైటు వేసి చూడండి. వెంట్రుకంత నల్ల గీతో, తుప్పు రంగు గీతో అడ్డంగా కనిపించి, తుడిచినా పోకపోతే ఆ సీటు ఎక్కకండి. టక్కు టక్కుమంటూ, ఎంత బిగించినా రెండో రోజుకే తిరిగొచ్చే చప్పుడుకి చాలాసార్లు ఇదే కారణం. వెల్డింగు చేయిస్తే సరిపోతుందనుకోకండి, వేడికి పక్కనున్న ఇనుము గుణం మారి ఆ పక్కనే విరుగుతుంది. విరిగినప్పుడు మీరు దాని మీదే కూర్చుని ఉంటారు.

సీటు వానలో నానితే, పూర్తిగా ఆరేదాకా దాని మీద కూర్చోకండి, తడి తోలు మీ బరువుకి ఎలా సాగితే అలాగే ఆరి బిగుసుకుంటుంది. ఎండలోనో హీటరు ముందో పెట్టి ఆరబెట్టకండి, నీడలో గాలికి వదిలేయండి, ఒక రోజు పట్టినా సరే. ఆరాక రివెట్ల పక్కన పల్చగా లేపనం.

అన్నీ బిగించాక 50 కిలోమీటర్లు తిరిగి వచ్చి క్లాంపు బోల్టును మళ్లీ ఒకసారి కీ పెట్టి చూడండి, కొత్తగా శుభ్రం చేసిన ముక్కలు సర్దుకుని కాస్త వదులవుతాయి. కమ్మీ మీద పెట్టిన పెన్సిల్ గీత క్లాంపు అంచు నుంచి జరిగి ఉంటే సీటు జారిందని అర్థం, గీత దగ్గరికి తెచ్చి బిగించండి. మిగిలిన తేనెమైనం ముక్కను కాగితంలో చుట్టి పంక్చర్ సామాను పక్కన పడేయండి, దారిలో ఎక్కడైనా మళ్లీ మొదలైతే అగ్గిపుల్ల ఒక్కటి దొరికితే చాలు.